ఇంద్రవెల్లి స్మృతివనంలో ఏ రూపం నిలవాలో బాధిత గూడేలను అడగండి: ఒక బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి, గిరిజన సంక్షేమ శాఖ, భాషా సాంస్కృతిక శాఖల బాధ్యులకు, ఉట్నూరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి గారికి, రాష్ట్రంలోని చిత్రకారులకు, శిల్పులకు

నమస్కారం.

1981లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండు ఆదివాసుల జ్ఞాపకార్థం కట్టిన ఇంద్రవెల్లి అమరుల స్తూపం దగ్గర స్మృతివనానికి 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి గారు స్వయంగా వచ్చి శంకుస్థాపన చేశారు. నాలుగు దశాబ్దాలకు పైగా ఎదురుచూసిన కుటుంబాలకు అది చిన్న విషయం కాదు. అందుకు కృతజ్ఞతలు చెప్పుకుని అసలు విషయానికి వస్తాను.

నేను ఉట్నూరు ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. గోండును కాను. ఆ కుటుంబాల తరఫున మాట్లాడే అధికారం నాకు లేదు. వాళ్లను అడగండి అని అడిగే హక్కు మాత్రం ఈ జిల్లాలో బతికిన మనిషిగా నాకు ఉందనుకుంటున్నాను. స్మృతివనంలో పెట్టే శిల్పాలు, చిత్రాలు, శిలాఫలకాల నమూనాలను ఖరారు చేసేముందు బాధిత కుటుంబాలకు చూపించాలని, మరణించినవారి పేర్ల జాబితాను బయటపెట్టాలని కోరుతూ కొందరు ఉపాధ్యాయులం, స్థానిక కళాకారులం కలిసి ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. తర్వాత గుర్తుచేసినా జవాబు రాలేదు. కాగితం మీద అడిగినదాన్ని ఇప్పుడు అందరి ముందు అడగవలసి వస్తున్నది అందుకే.

ముందుగా జరిగినదేమిటో క్లుప్తంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రాష్ట్రంలోనే చాలామంది చదువుకున్నవారికి ఇంద్రవెల్లి అంటే తెలియదు. 1981 ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లిలో అంగడి రోజు. భూములకు పట్టాలు కావాలని, అటవీ సిబ్బంది వేధింపులు, వడ్డీ వ్యాపారుల దోపిడీ ఆగాలని గిరిజన రైతు కూలీ సంఘం ఆ రోజు సభ తలపెట్టింది. సభకు అనుమతి రద్దయిన సంగతి తెలియక కొందరు, అంగడికని కొందరు, చుట్టుపక్కల గూడేల నుంచి కాలినడకన, ఎడ్లబండ్ల మీద వచ్చారు. పోలీసులు అడ్డుకోవడం, తోపులాట, ఆపైన కాల్పులు. అధికారిక లెక్క ప్రకారం మృతులు 13 మంది. పౌరహక్కుల సంఘాలు అరవైకి పైగా అన్నాయి. గూడేల్లో చెప్పుకునే లెక్క ఇంకా పెద్దది. ఆ రోజు ఒక కానిస్టేబులు కూడా చనిపోయారు.

ఈ సంఘటన తర్వాతి చరిత్ర అంతా ఒక కట్టడం చుట్టూ తిరిగింది. 1983లో అమరుల జ్ఞాపకార్థం స్తూపం లేచింది. 1986లో దానిని గుర్తుతెలియని వ్యక్తులు పేల్చివేశారు. జనం ఒత్తిడితో 1987లో ఐటీడీఏ దానిని మళ్లీ కట్టింది. అంటే ప్రభుత్వ పోలీసులు కాల్చిన చోట ప్రభుత్వ సంస్థే స్తూపం కట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు, ఏటా ఏప్రిల్ 20న, అదే ప్రభుత్వం నిషేధాజ్ఞలు పెట్టి, దారుల్లో పోలీసులను నిలిపి, ఆ స్తూపం దగ్గరకు ఎవరూ రాకుండా చూసింది. తల్లి తన కొడుకు పేరు చెప్పుకుని ఏడవడానికి మిగతా 364 రోజులూ అనుమతి ఉంది, అతను చనిపోయిన రోజున లేదు. ఈ మధ్య ఆంక్షలు సడలినా, ఆ ఏళ్లు నేర్పిన భయం సడలలేదు. రగల్ జెండా అని గూడేల్లో పిలుచుకునే ఆ స్తూపం గురించి మాట్లాడవలసి వస్తే ఇప్పటికీ గొంతు తగ్గించే పెద్దలు ఉన్నారు.

ఇక్కడే దృశ్యకళ పాత్ర గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. రాజ్యం తన ప్రజలను కాల్చిన తర్వాత ఆ ఇద్దరి మధ్య సయోధ్య కుదరాలంటే కోర్టులు కావాలి, పరిహారం కావాలి, భూమి కావాలి. కళ వీటికి బదులు కాదు. కానీ ఇవన్నీ జరిగినా, చదువు రానివారికి, తమ భాష ప్రభుత్వ భాష కానివారికి, "మీకు జరిగింది నిజం, చేసింది మేము" అని రాజ్యం కళ్లెదుట నిలిపి చెప్పగలిగేది రాయిలోనూ లోహంలోనూ రంగులోనూ మాత్రమే. అందుకే ఆ రూపం ఏమిటి, ఎవరు తేల్చారు, దాని మీద ఎవరి పేర్లు ఉన్నాయి, ఏ భాషలో ఉన్నాయి అన్న ప్రశ్నలను అలంకరణ పనులుగా చూసి గుత్తేదారుకు వదిలేయకూడదు.

దీనికి మన రాజధానిలోనే ఉదాహరణ ఉంది. 1969 తెలంగాణ ఉద్యమంలో పోలీసు తూటాలకు బలైనవారి కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు గారు రూపొందించిన స్తూపం గన్‌పార్కులో ఉంది. కాల్చింది నాటి ప్రభుత్వమే. నేడు ఏ ముఖ్యమంత్రి అయినా జూన్ 2న ఉదయం ముందుగా వెళ్లి తల వంచేది అక్కడే. రాష్ట్ర అవతరణ వేడుక ఆ స్తూపం నుంచి మొదలవుతున్నదంటే, ఒకప్పుడు శాంతిభద్రతల సమస్యగా చూసిన మరణాలను రాజ్యం తన తప్పుగా, ఆ మనుషులను తనవారిగా ఒప్పుకున్నట్టే. పన్నెండేళ్ల తర్వాత అదే రాష్ట్రంలో, అలాంటి తూటాలకే చనిపోయిన గోండులకు, అంతటి ఒప్పుకోలు ఎందుకు లేదన్నది నా మొదటి ప్రశ్న. స్మృతివనం ఆ ప్రశ్నకు జవాబు కావాలి. మొక్కలు, బల్లలు, రంగు దీపాలు ఉన్న మరో ఉద్యానవనం జవాబు కాదు.

ఇతర దేశాల అనుభవం మనకు రెండు విషయాలు నేర్పుతుంది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ముగిశాక సత్య, సయోధ్య కమిషన్ ముందు భద్రతా పోలీసులు తాము చేసిన హత్యల గురించి చెప్పారు. ఫిలా న్‌ద్వాండ్వే అనే యువతిని చంపేముందు వివస్త్రను చేసి ఉంచారని, ఆమె అక్కడ దొరికిన నీలం రంగు ప్లాస్టిక్ సంచితో తన శరీరాన్ని కప్పుకునే ప్రయత్నం చేసిందని ఆ వాంగ్మూలంలో బయటపడింది. రేడియోలో అది విన్న జూడిత్ మేసన్ అనే చిత్రకారిణి నీలం ప్లాస్టిక్ సంచులతోనే ఆమె కోసం ఒక గౌను కుట్టి, దాని చుట్టూ చిత్రాలు వేసింది. ఆ కళాఖండం ఇప్పుడు ఉన్నది జోహానెస్‌బర్గ్‌లోని రాజ్యాంగ న్యాయస్థానంలో, అంటే దేశంలోని అత్యున్నత న్యాయమూర్తులు రోజూ నడిచే చోట. ఆ న్యాయస్థానాన్ని కట్టింది కూడా గాంధీ గారినీ మండేలానూ బంధించిన ఓల్డ్ ఫోర్ట్ జైలు ఆవరణలోనే, కూల్చిన జైలు భాగపు ఇటుకలను మళ్లీ వాడి. ఆ కళాసేకరణకు పునాది వేసినవారిలో ఒకరైన న్యాయమూర్తి ఆల్బీ సాక్స్ 1988లో పాత పాలకుల బాంబు దాడిలో కుడి చేయి పోగొట్టుకున్న మనిషి. ఇందులో గమనించవలసింది వరుస. ముందు నేరం చేసినవాడు జరిగింది చెప్పాడు. తర్వాత కళాకారిణి ఆ వివరాన్ని పట్టుకుంది. ఆ తర్వాత రాజ్యం దానిని తన ఇంట్లో, తాను తప్పించుకోలేని చోట పెట్టుకుంది. మనం ఆ వరుసను తిరగవేసి, నిజం చెప్పకుండా విగ్రహం పెడితే, ఆ విగ్రహం నిజానికి మూతగా మిగులుతుంది.

రెండో అనుభవం పెరూ దేశానిది. అక్కడ 1980 నుంచి 2000 వరకు సాయుధ తిరుగుబాటుదారులకూ సైన్యానికీ మధ్య నలిగి చనిపోయినవారు, మాయమైనవారు సుమారు 69,280 మంది అని 2003లో సత్య కమిషన్ అంచనా వేసింది. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు కెచువా వంటి ఆదివాసీ భాషలు మాట్లాడేవారు. రాజధాని లీమాలో 2005లో లికా ముతాల్ అనే శిల్పి "ఏడ్చే కన్ను" అనే స్మారకం నిర్మించింది. మధ్యలో నీరు కారే ఒక రాయి, చుట్టూ వేలాది గులకరాళ్లు, వాటి మీద మృతుల పేర్లు. ఆ పేర్లలో జైలులో భద్రతా దళాలు చంపిన తిరుగుబాటు ఖైదీల పేర్లు కూడా ఉన్నాయని తెలిసినప్పుడు పెద్ద గొడవ జరిగింది. 2007లో కొందరు సుత్తులతో వచ్చి స్మారకాన్ని పగలగొట్టి రంగు పోశారు. అయినా ఆ స్మారకం నిలబడింది, కుటుంబాలు ఆ రాళ్ల దగ్గరకు వస్తూనే ఉన్నాయి. స్మారకం కడితే గొడవలు తీరిపోతాయని ఎవరూ అనుకోవద్దు. ఎవరిని బాధితుడు అనాలి అన్న గొడవను అది బయటకు తెస్తుంది. దానిని ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

మనకు ఆ గొడవ తెలియనిది కాదు. 2017 అక్టోబరులో జోడేఘాట్‌లోని కుమ్రం భీం మ్యూజియంలో ఒక విగ్రహం మీద తలెత్తిన అభ్యంతరం, ఆ తర్వాత నెలల తరబడి ఆదిలాబాద్ ప్రాంతాన్ని కుదిపిన ఆదివాసీ, లంబాడీ ఉద్రిక్తతలో భాగమైంది. ఆ ఉద్రిక్తతకు భూమి, రిజర్వేషన్లు, ఉద్యోగాలు అనే లోతైన కారణాలు ఉన్నాయి. కానీ మ్యూజియంలో ఎవరి ప్రతిమలు పెట్టాలో ఆ కొండల మనుషులతో కూర్చుని తేల్చి ఉంటే, ఆ రోజు ఆ నిప్పు అక్కడ అంటుకునేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు, ఈ విషయం పట్టించుకోకపోతే మామూలు మనుషులకు జరిగే నష్టం ఏమిటో చెబుతాను.

1. పేరు లేని చావు కుటుంబాన్ని వదలదు. 13కీ అరవైకీ మధ్య ఉన్న తేడాలో మరణ ధ్రువీకరణ పత్రం లేని మనుషులున్నారు, పరిహారం అడగడానికి కాగితం లేని భార్యలున్నారు, తండ్రి ఎక్కడికి వెళ్లాడో చెప్పలేక పెరిగిన పిల్లలున్నారు. గోండు సమాజంలో చనిపోయిన మనిషికి చేయవలసిన కర్మలు పూర్తయితేనే అతను పెద్దలలో కలుస్తాడు. రాజ్యం పేరు రాయని మనిషికి ఇంటివారు కర్మలు చేసుకున్నా, ఊరి బయట అతను లేనట్టే. స్మృతివనంలోని రాతి మీద అధికారిక జాబితాలోని పేర్లు మాత్రమే చెక్కితే, మిగిలినవారు అబద్ధం చెప్పారని రాతిలో రాసినట్టవుతుంది. ఒక్క పేరూ చెక్కకుండా "అమరులకు జోహార్లు" అని వదిలేస్తే, అందరినీ మరోసారి గుంపుగా మార్చినట్టవుతుంది. అంగడిలో ఆ రోజు పోలీసులు చూసింది గుంపునే. స్మారకం మనుషులను చూపించాలి.

2. సాక్షులు వెళ్లిపోతున్నారు. ఆ రోజు పాతికేళ్ల వయసున్నవారికి ఇప్పుడు డెబ్బై దగ్గర పడింది. వారి జ్ఞాపకాల్లో ఉన్న అంగడి ఎటువైపు ఉండేది, బండ్లు ఎక్కడ ఆగాయి, ఏ చెట్టు కింద ఎవరు పడ్డారు అన్న వివరాలు ఏ ఫైలులోనూ దొరకవు. ఫోటోలు లేని సంఘటనకు సాక్షి చెప్పగా గీసిన బొమ్మే ఆధారం. చిలీలో పినోచే నియంతృత్వంలో భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకున్న మహిళలు గోనెగుడ్డ మీద బట్టపీలికలు కుట్టి, తమ వీధిలో ఏం జరిగిందో చిత్రించారు. ఏ కళాశాలలోనూ చదవని ఆ చేతుల పని 2010లో ప్రారంభమైన శాంటియాగో స్మృతి మ్యూజియంలో సాక్ష్యంగా ఉంది. మన గూడేల్లోని అవ్వలు చెబితే వారి మనవళ్లు గీయగలరు. ఆశ్రమ పాఠశాలల్లో నా అనుభవంలో, పిల్లలకు తెల్లకాగితం ఇచ్చి "మీ తాత చెప్పిన కథ వేయండి" అంటే గంటసేపు తలెత్తకుండా వేసేవారు. ఈ పని ఇంకో పదేళ్లు ఆగితే చెప్పేవారే ఉండరు.

3. పిల్లలు తమను తాము సగమే చూసుకుంటున్నారు. గోండుల గుస్సాడీ నృత్యానికి ప్రభుత్వం ఇచ్చిన గౌరవం నిజమైనది. మర్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఏజెన్సీ అంతా సంబరపడింది. అయితే ప్రభుత్వ ప్రకటనల్లో, గోడల మీద, వేదికల వెనుక తెరల మీద గోండు అంటే నెమలి ఈకల తలపాగా మాత్రమే కనిపిస్తే, ఆ పిల్లవాడికి తన జాతి నాట్యం చేసే జాతిగా తెలుస్తుంది, భూమి కోసం నిలబడిన జాతిగా తెలియదు. స్మృతివనంలో కూడా గుస్సాడీ బొమ్మలే బారులు తీరితే, తూటాల చోట పండుగను పెట్టినట్టు అవుతుంది. పండుగకు కేస్లాపూర్ నాగోబా జాతర ఉంది. ఇంద్రవెల్లిలో చెప్పవలసింది వేరు.

4. చేతిపనివారికి పని పోతుంది, గౌరవమూ పోతుంది. జైనూర్ మండలం ఉషెగాంలో వోజారి కుటుంబాలు తరతరాలుగా ఇత్తడి పోత పోస్తున్నాయి. మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన సందుల్లో లోహం పోసే ఈ పనికి 2018లో ఆదిలాబాద్ డోక్రా పేరుతో భౌగోళిక గుర్తింపు దక్కింది. గోండుల దేవతా ప్రతిమలు, పూజా సామగ్రి ఈ చేతుల మీదుగానే వస్తాయి. ప్రభుత్వ విగ్రహాల పనులు మాత్రం సాధారణంగా నగరాల్లోని పెద్ద శిల్పశాలలకే వెళ్తాయి, ఎందుకంటే టెండరు నిబంధనలు వారికే సరిపోతాయి. ఇంద్రవెల్లి స్మారకానికి కూడా అలాగే జరిగితే, ఆదివాసుల మరణాల మీద ఆదివాసేతరుల చేతి సంతకం పడుతుంది.

5. పోలీసుల కుటుంబాల సంగతి కూడా నేను దాటవేయను. ఆ రోజు చనిపోయిన కానిస్టేబులు కూడా ఒక ఇంటివాడే. ఆయన పేరు అమరుల పేర్ల పక్కన చెక్కాలంటే నేను ఒప్పుకోలేను, ఎందుకంటే తూటాలకూ వాటికి బలైనవారికీ మధ్య సమానత్వం చూపించడం నిజాన్ని చెరిపేయడమే. కానీ స్మృతివనంలో సంఘటన వివరాలు చెప్పే గది ఒకటి ఉంటే, అందులో ఆయన మరణం కూడా ఉన్నది ఉన్నట్టుగా నమోదు కావాలి. దీని మీద చివరి మాట మాత్రం బాధిత కుటుంబాలదే. నా అభిప్రాయం వారి ముందు నిలవనవసరం లేదు.

పై కారణాల వల్ల నేను, నాతో వినతిపత్రంపై సంతకం చేసినవారు కోరుతున్నవి ఇవి.

1. 1981 ఏప్రిల్ 20 కాల్పులకు సంబంధించి ప్రభుత్వం దగ్గర ఉన్న రికార్డులన్నింటినీ, అంటే రెవెన్యూ, పోలీసు, ఆసుపత్రి కాగితాలను, బయటపెట్టాలి. వాటితో పాటు గూడెం గూడేనికీ వెళ్లి కుటుంబాల వాంగ్మూలాలు గోండి, కొలామీ, తెలుగు, మరాఠీల్లో, ఎవరు ఏ భాషలో చెబితే ఆ భాషలో, నమోదు చేయాలి. ఈ రెండింటినీ కలిపి పేర్ల జాబితా తయారు కావాలి. పేరు దొరకని మనిషికి కూడా రాతి మీద చోటు వదలాలి, తర్వాత దొరికితే చెక్కడానికి.

2. జాబితా తేలేవరకు పేర్ల ఫలకం బిగించవద్దు. ఇప్పటికే బిగించినది ఏదైనా ఉంటే దానిని తాత్కాలికమని ప్రకటించాలి. పేర్లు తెలుగుతో పాటు గుంజాల గోండి లిపిలో కూడా ఉండాలి. నార్నూర్ మండలంలోని గుంజాలలో దొరికిన రాతప్రతుల నుంచి వెలుగులోకి వచ్చిన ఈ లిపికి 2018 నుంచి యూనికోడ్‌లో స్థానం ఉంది కాబట్టి సాంకేతిక ఇబ్బంది అనే మాట చెల్లదు.

3. శిల్పాలు, చిత్రాల నమూనాలను ముందుగా గోండుల సంప్రదాయ పంచాయతీలైన రాయి సెంటర్ల పెద్దలు (సార్మేడీలు), గూడేల పటేళ్లు, బాధిత కుటుంబాల ఎదుట పెట్టాలి. తర్వాత గ్రామసభల్లో ఆమోదం తీసుకోవాలి. ఇది దయతో చేయవలసిన పని కాదు. 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం) ఆదివాసుల సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది. కేస్లాపూర్ నాగోబా జాతర దర్బారు కూడా ఇందుకు తగిన చోటు. జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం గోండుల కష్టాలు తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపాక, 1940ల్లో మొదలైన దర్బారు అది. చంపిన రాజ్యం వచ్చి వినడం కోసం పుట్టిన సభలో ఇంద్రవెల్లి స్మారకం నమూనాను జనం ముందు పెట్టి, వారు వద్దంటే వెనక్కు తీసుకెళ్లగలగాలి.

4. కాల్పులు జరిపింది ప్రభుత్వ పోలీసులు అన్న వాక్యం ఫలకం మీద స్పష్టంగా ఉండాలి. "దురదృష్టకర సంఘటనలో ప్రాణాలు కోల్పోయిన" అనే కర్త లేని వాక్యం వద్దు. రాష్ట్ర ప్రభుత్వం తరఫున క్షమాపణ కూడా అదే రాతి మీద, తేదీతో, ఉండాలి.

5. లోహపు పని ఉషెగాం తదితర గ్రామాల వోజారి కళాకారులకు, నేరుగా, టెండరు లేకుండా, ముందస్తు చెల్లింపుతో ఇవ్వాలి. పెద్ద పరిమాణంలో పోత పోయడానికి కావలసిన కొలిమి, సాంకేతిక సహాయం విశ్వవిద్యాలయాల లలితకళా విభాగాలు అందించవచ్చు. రూపం మీద అధికారం మాత్రం చేసేవారిదే.

6. స్మారకం ఇంద్రవెల్లిలోనే ఆగిపోకూడదు. చెరియాల నకాషీ చిత్రకారులు వేసిన పటాలను ఊరూరా తీసుకెళ్లి, ఒక్కో గడి చూపిస్తూ కథకులు కులపురాణాలు చెప్పడం ఈ తెలంగాణకు తెలిసిన పద్ధతే. గోండుల కులగాథలు కిక్రీ అనే తంత్రీవాద్యం వాయిస్తూ చెప్పే ప్రధాన్‌లు మన మధ్య ఉన్నారు. ఆదివాసీ యువ చిత్రకారులతో ఇంద్రవెల్లి పటం ఒకటి వేయించి, కథకులకు తగిన పారితోషికం ఇచ్చి, రాష్ట్రంలోని ఆశ్రమ పాఠశాలలకూ, హైదరాబాద్, వరంగల్ కళాశాలలకూ, పోలీసు శిక్షణ కేంద్రాలకూ పంపాలి. చివరిది పొరపాటున రాయలేదు. కాల్చే శిక్షణ పొందేవారు కాల్పుల బొమ్మ చూడాలి.

7. ఏప్రిల్ 20న స్తూపం దగ్గరకు వచ్చే ఎవరిమీదా ఆంక్షలు ఉండవని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఏటేటా స్థానిక అధికారి దయ మీద ఆధారపడే సడలింపు చాలదు. వచ్చేవారిని చూసి భయపడే ప్రభుత్వం కట్టిన స్మృతివనానికి అర్థం లేదు.

చిత్రకారులకు, శిల్పులకు రెండు మాటలు. ఈ పని మీకు వస్తే ఒప్పుకునేముందు కుటుంబాలతో మాట్లాడారా అని మిమ్మల్ని మీరు అడగండి. ఎత్తైన విగ్రహం, పిడికిలి బిగించిన చేయి, పగిలిన సంకెళ్లు మనకు అలవాటైన రూపాలు. వాటిని ఎక్కడ పెట్టినా ఒకటే. అంగడికి ఉప్పూ పప్పూ కొనడానికి వచ్చి, తిరిగి వెళ్లని మనిషికి ఆ రూపం సరిపోతుందా అని ఆలోచించండి. ఇంద్రవెల్లిలో చనిపోయినవారిలో ఉద్యమంలో పనిచేసినవారు ఉన్నారు, సభ సంగతే పట్టనివారూ ఉన్నారు. అందరినీ వీరులుగా చెక్కితే, మామూలుగా బతుకుతూ చనిపోయిన మనిషికి జరిగిన అన్యాయం మరుగున పడుతుంది. నమూనా గీయకముందు కొన్నాళ్లు గూడేల్లో ఉండండి, వినండి. కుటుంబాలు వద్దన్న రూపాన్ని, పారితోషికం ఎంత ఉన్నా, వదులుకోండి. పని చేయడానికి ఒప్పుకున్నవారు మీ పేరుతో పాటు, మీకు చెప్పినవారి పేర్లు కూడా, వారి అనుమతితో, ఫలకం మీద ఉండాలని షరతు పెట్టండి.

నిధుల కొరత అని చెప్పే అవకాశం ఉంది కాబట్టి ఒక మాట. పై కోరికల్లో ఎక్కువ వాటికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. రికార్డులు బయటపెట్టడానికి, వాంగ్మూలాలు రాసుకోవడానికి, ఒక ఉత్తర్వు జారీ చేయడానికి కోట్లు అక్కరలేదు. ఖర్చయ్యే శిల్పాల పని ఒకటి రెండేళ్లు ఆగినా కుటుంబాలు అర్థం చేసుకుంటాయి. తమను అడగకుండా రాత్రికి రాత్రి నిలబెట్టినదాన్ని మాత్రం అర్థం చేసుకోలేవు.

ఈ లేఖ ప్రతిని సంబంధిత శాఖలన్నింటికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. రికార్డుల వెల్లడి, ఏప్రిల్ 20 ఆంక్షల రద్దు అనే రెండు కోరికల మీద నెల రోజుల్లోపు రాతపూర్వక జవాబు కోరుతున్నాం. నమూనాల గురించి వచ్చే నాగోబా దర్బారులో, జనం ముందు, బాధ్యతగల అధికారి ఒకరు మాట్లాడాలని కోరుతున్నాం. అంతవరకు పేర్ల సేకరణ పని మేము సొంతంగా మొదలుపెడుతున్నాం. ఆ రోజు ఇంద్రవెల్లి వెళ్లి తిరిగి రానివారు ఎవరి ఇంట్లోనైనా ఉంటే, వారి వివరాలను మీ ఊరి రాయి సెంటర్ పెద్దల దగ్గర రాయించండి. ఆ జాబితాను గ్రామసభల ముందు చదివి, ప్రభుత్వానికి ఒక ప్రతి ఇస్తాం.

ఇట్లు,
ఆశ్రమ పాఠశాలల విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
ఉట్నూరు ఏజెన్సీ, ఆదిలాబాద్ జిల్లా